ఆరో మనిషికి పీట

మన అష్టాచెమ్మా పెద్దది కావాలంటే దుకాణానికి వెళ్ళక్కర్లేదు. అరుగు మీద సుద్దముక్కతో అయిదేసి గడులు గీసి నాలుగు గవ్వలు వేసుకుంటే ఒక ఆట. మధ్యాహ్నం ఇంకా మిగిలి ఉంటే ఏడేసి గడులు గీసి గవ్వలు ఆరు చేసుకుంటే మరో ఆట. గవ్వలు దొరక్కపోతే అరగదీసిన చింతపిక్కలు ఉండనే ఉన్నాయి. మన వైకుంఠపాళీకి చుట్టమైన ఉత్తరాది జ్ఞాన చౌపర్ పటాలూ అంతే, 72 గడులవి ఉన్నాయి, 84 గడులవీ ఉన్నాయి. ఎవరు పెంచారో, ఎప్పుడు పెంచారో ఎక్కడా పేరు లేదు.

పేరూ, తేదీ, ధరా వేసుకుని మరీ పెరిగిన ఆట ఒకటి ఉంది. దాని పేరు కార్కసోన్. హైదరాబాదులో ఉండే మా ఆడపడుచు పిల్లలు సంక్రాంతి సెలవులకి అమలాపురం వస్తూ పట్టుకొచ్చారు. జర్మనీలో క్లాస్ యూర్గెన్ వ్రేడె అనే ఆయన తయారుచేస్తే 2000లో హాన్స్ ఇమ్ గ్లుక్ అనే సంస్థ విడుదల చేసింది. 2001లో ఆ దేశంలో ఏటా ఇచ్చే 'ఆ ఏటి మేటి ఆట' బహుమతి దీనికే వచ్చింది.

పెట్టెలో 72 చదరపు అట్టముక్కలు ఉంటాయి. మన వంతులో ఒకటి తీసి, అప్పటికే పరిచిన వాటి పక్కన పెట్టాలి. బాట బాటకీ, కోటగోడ కోటగోడకీ, పొలం పొలానికీ కలవాలి. ముగ్గు వేసే చేతికి ఈ సూత్రం ఒకరు నేర్పాలా? ముక్క పెట్టాక దాని మీద మన కర్రమనిషిని నిలబెట్టుకోవచ్చు. బాటో కోటో పూర్తయితే పాయింట్లు వచ్చి, మనిషి తిరిగి చేతికొస్తాడు. పొలంలో పడుకోబెట్టినవాడు మాత్రం ఆట అయ్యేదాకా లేవడు. రైతు బతుకు అక్కడా అంతే! ఆ కర్రమనుషుల్ని 'మీపుల్స్' అంటారు. ఇంగ్లీషులో 'నా', 'జనం' అనే మాటలు రెండూ కలిపేసి 2000లో ఆలిసన్ హాన్సెల్ అనే అమెరికా ఆవిడ ఆడుతూ ఆడుతూ అన్న మాట అది. ఇప్పుడు ఆటల లోకమంతా అదే వాడుతోంది.

కార్కసోన్ అన్నది దక్షిణ ఫ్రాన్సులో నిజంగా ఉన్న కోట ఊరు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, ఆ ఊరు కూడా ఒక్కసారిగా కట్టింది కాదు. లోపలి గోడకి రోమన్ల నాటి పునాదులు ఉన్నాయి, బయటి గోడ 13వ శతాబ్దంలో చేరింది. 19వ శతాబ్దంలో శిథిలమైపోతుంటే వియొలె లె ద్యూక్ అనే వాస్తుశిల్పి బాగుచేయించాడు. బురుజుల మీద ఆయన పెట్టించిన మొనదేలిన పలకరాతి కప్పులు ఆ ప్రాంతానివి కావని అప్పట్లో చాలామంది తప్పుపట్టారు. 1997లో యునెస్కో ఆ కప్పులతో సహా వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆటకీ అలాగే ఒక్కొక్కటే చేరాయి. మొదటి పెట్టెతో అయిదుగురే ఆడగలరు. మన ఇళ్ళల్లో అయిదుగురికే చోటంటే లేచి వెళ్ళే ఆరో మనిషి ఎవరో వేరే చెప్పాలా? పొయ్యి మీద పాలున్నాయనో, గారెలకి పప్పు రుబ్బాలనో ఆవిడే లేస్తుంది. ఎవరూ పొమ్మనరు, ఆగమనీ అనరు. 2002లో వచ్చిన 'సత్రాలూ చర్చీలూ' అనే అనుబంధం పెట్టెలో 18 ముక్కలతోపాటు బూడిదరంగు మనుషులు కూడా వచ్చారు. అంటే ఆరో ఆటగాడు! ఇంకా ఎన్ని పెట్టెలు వచ్చినా నా లెక్కలో ఇదే పెద్ద మార్పు. మా అత్తగారు ఆ బూడిదరంగు మనుషుల్ని తీసుకుని మూడు రోజులు పీట దిగలేదు. ఒకప్పుడు వామనగుంటలు ఆడిన చెయ్యి కదా, లెక్క తప్పదు. గారెల పిండి మా ఆడపడుచుగారి భర్తా, మావారూ రుబ్బారు.

2003లో 'వర్తకులూ మేస్త్రులూ' వచ్చింది. ఇందులో కొన్ని కోటల మీద ద్రాక్షసారా, గోధుమ, గుడ్డ గుర్తులుంటాయి. కోట ఎవరిదైనా సరే, ఆఖరి ముక్క పెట్టి పూర్తిచేసినవాళ్ళకి ఆ సరుకు దక్కుతుంది. అంతవరకూ పక్కవాళ్ళ కోట ఎలా చెడగొడదామా అని చూసినవాళ్ళు, దాన్ని పూర్తిచేయడానికి పోటీ పడతారు. తోడికోడళ్ళున్న ఇంట్లో ఈ పెట్టె తప్పక ఉండాలని నా అభిప్రాయం.

తరవాతవి నాకంత రుచించలేదు. 2005లో 'రాకుమారీ డ్రాగనూ' వచ్చింది. రాకుమారి ముక్కతో ఎదుటివాళ్ళ కోటలో మనిషిని బయటికి పంపేయొచ్చు. డ్రాగన్ అయితే దారిలో ఉన్నవాళ్ళందరినీ తినేస్తుంది. ఆరేళ్ళ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుందంటే పెట్టుకోదూ? 2006 నాటి 'బురుజు'లో ఎదుటివాళ్ళ మనుషుల్ని బందీలుగా పట్టి, మూడు పాయింట్లు తీసుకుని వదలొచ్చు. 2008లో ఏకంగా కర్ర ఒడిసెల లాంటిది పెట్టి బిళ్ళలు విసరమన్నారు. నెమ్మదిగా ముక్కలు పేర్చుకునే ఆటకి అదెందుకో! జనమూ అలాగే అనుకున్నట్టున్నారు. 2014లో బొమ్మలు మార్చి కొత్తగా అచ్చేశాక మిగతా అనుబంధాలు వరసగా తిరిగొచ్చాయిగానీ, ఈ ఏడో నంబరు మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. ఆ తరవాత గుట్టలూ గొర్రెలూ, 2017లో సర్కస్ గుడారం కూడా చేరాయి. అన్నీ కలిపితే భోజనాల బల్ల చాలదు.

అసలు అన్నిటికంటే ముందు వచ్చింది నది, 2001లోనే. పన్నెండు ముక్కలు. ఇప్పుడు వేరే కొనక్కర్లేదు, మొదటి పెట్టెలోనే ఇస్తున్నారు. ముందు నదిని పరిచి, ఆ ఒడ్డునే ఊళ్ళూ పొలాలూ మొదలుపెట్టాలి. గోదారి పాయల మధ్య పుట్టినవాళ్ళకి అది మామూలు విషయమే. అయితే ఆ నది ఊటలో పుట్టి, ఒకే పాయగా వెళ్ళి చెరువులో కలుస్తుంది. మా మావగారు చూసి, "చీలని నది నదేవిటే" అన్నారు. తరవాత వచ్చిన రెండో నదిలో చీలిక ముక్క ఉందని పిల్లలు చెబితే, వాసిష్ఠ నుంచి వైనతేయ విడిపోయినట్టే అని సంతోషించారు. అదీ చెరువుల్లోకే వెళ్ళి ఆగుతుందని తెలిశాక మాత్రం, "సముద్రం ముక్క ఎప్పుడేస్తారో కనుక్కోండి" అని పేపరు తీసుకుని అరుగు మీదకి వెళ్ళిపోయారు.