అసలు కాసుకు నకిలీ ముద్ర

చరిత్ర చెప్పేవాళ్ళం నాణేన్ని తిరుగులేని సాక్షిగా విద్యార్థుల ముందు నిలబెడతాం. కావ్యంలో కవి అతిశయోక్తి పలుకుతాడు, శాసనంలో రాజు తన్ను తానే పొగిడించుకుంటాడు, నాణెం మాత్రం అబద్ధమాడదంటాం. ఆడకపోవచ్చు. కాని దాన్ని చదివే మనిషి యెక్కడ నిలబడి, యెవరి బజారులో నిలబడి చదువుతున్నాడు? అమెరికాలోని ఒక అయిదు సెంట్ల నాణెం చరిత్ర చూస్తే యీ ప్రశ్న తీసిపారేయదగింది కాదని తెలుస్తుంది.

స్వేచ్ఛాదేవి తల వున్న అయిదు సెంట్ల నాణేలను అమెరికా ప్రభుత్వం 1883 నుంచి 1912 వరకు కొట్టించింది. 1913లో బైసన్ బొమ్మతో కొత్త నాణెం వచ్చింది. కనుక పాత బొమ్మతో 1913 నాటి నాణెం వుండకూడదు. అయితే 1919 డిసెంబరులో శామ్యూల్ బ్రౌన్ అనే ఆయన, అటువంటిది తెచ్చినవారికి 500 డాలర్లిస్తానని నాణేల పత్రికలో ప్రకటించాడు. మరుసటి యేడు తానే పట్టుకొచ్చి చూపించాడు! మొత్తం అయిదు నాణేలు. ఆయన లోగడ ఫిలడెల్ఫియా టంకశాల వుద్యోగి. ప్రకటన లోగుట్టు పాఠకులే వూహించుకోవచ్చు.

1920లలో ఆ అయిదూ గ్రీన్ అనే కోటీశ్వరుడి పెట్టెలో చేరాయి. 1930ల మాంద్యంలో మాక్స్ మెల్ అనే టెక్సాస్ వర్తకుడు, అటువంటి నాణేనికి 50 డాలర్లిస్తానని దేశమంతటా ప్రకటనలు గుప్పించాడు. వీధిలో దొరకని వస్తువుకు బహుమానం ప్రకటిస్తే చేతి డబ్బు పోయేదేముంది? ఆయన అచ్చువేసిన ధరల పుస్తకాలు మాత్రం అమ్ముడుపోయాయి. పనులు పోయిన జనం చేతికొచ్చిన ప్రతి చిల్లరనూ తిప్పి తిప్పి చూసుకున్నారు. పనితనం వున్నవాడు మరో సంవత్సరపు నాణెం మీద అంకె దిద్ది 1913గా మార్చాడు. బజారులోకి వచ్చిన ప్రతి 1913 నాణేన్నీ వర్తకులు దిద్దుడు సరుకుగా అనుమానించే పరిస్థితి యేర్పడింది.

అసలు అయిదింటిలో ఒకటి జార్జి వాల్టన్ అనే సేకర్త చేతికి వచ్చింది. 1962 మార్చి 9న నాణేల ప్రదర్శనకు వెళుతూ ఆయన కారు ప్రమాదంలో మరణించాడు. ఆయన సేకరణను 1963లో న్యూయార్కు వేలం సంస్థ అమ్మకానికి పెట్టినప్పుడు నిపుణులు యీ నాణేన్ని వేరుచేశారు. తారీఖు దిద్దారనీ, అసలుది కాదనీ, విలువ లేదనీ తేల్చారు. ఆయన సోదరి దాన్ని వర్జీనియాలోని తన యింటి అలమారలో దాచింది. నలభై యేళ్ళు అక్కడే వుంది. నిపుణులు కాదన్న వస్తువును ఆ యింటివాళ్ళు పారేయలేదు, అమ్మనూ లేదు.

2003లో ఒక సంస్థ, కనిపించని అయిదో నాణెం తెస్తే కనీసం పది లక్షల డాలర్లిస్తామంది. ఆ యేడు జులైలో బాల్టిమోరు ప్రదర్శనకు మిగతా నాలుగూ వచ్చాయి. వారసులు తమది తీసుకెళ్ళారు. ఆరుగురు నిపుణులు రాత్రివేళ అయిదింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. అది అసలుదే!

గమనించవలసింది పద్ధతి. 1963లో నాణెం ఒంటరిగా వుంది. పోల్చడానికి పక్కన రెండోది లేదు. తాళపత్ర ప్రతులు పరిష్కరించే వాళ్ళకు యీ సంగతి కొత్తకాదు. ఒక్క ప్రతి చేతబట్టుకుని, యిది లేఖక దోషమని కొట్టేసిన పాఠం, రెండో ప్రతి దొరికాక కవి పాఠమే అవుతుంది. కాని యిక్కడ తప్పంతా కళ్ళది కాదు. ఆ కళ్ళకు ముందే అనుమానం అలవాటు చేసింది బజారు. 50 డాలర్ల ప్రకటన ఆశను పుట్టించింది, ఆశ నకిలీలను పుట్టించింది, నకిలీల వెల్లువలో నిజమైన నాణెం నకిలీగా కొట్టుకుపోయింది.

ఆ తర్వాత యీ నిర్ణయమే ఒక వ్యాపారమైంది. 1986లో పి.సి.జి.ఎస్., మరుసటి యేడు ఎన్.జి.సి. అనే సంస్థలు రుసుము తీసుకుని నాణేన్ని పరీక్షించి, అంకె వేసి ప్లాస్టిక్ డబ్బీలో బిగించడం మొదలుపెట్టాయి. అంకె నచ్చకపోతే డబ్బీ పగలగొట్టి మళ్ళీ పంపేవాళ్ళున్నారు. 1 నుంచి 70 వరకు వుండే ఆ కొలబద్దకు మూలం విలియం షెల్డన్ 1949 పుస్తకం. అందులో అంకెను ధరకే ముడిపెట్టాడు: 70 అంకె నాణెం 1 అంకె నాణేనికి డెబ్బై రెట్లు పలకాలి. ఆ పెద్దమనిషే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలిరకం సెంట్లు తీసుకుని నాసిరకం పెట్టాడని, 1977లో ఆయన పోయిన తర్వాత బయటపడింది. దొంగతనం పట్టించింది కూడా పోలికే. పాత ఫొటోలు పక్కన పెట్టి చూశారు.

వాల్టన్ నాణేనికి పి.సి.జి.ఎస్. 63 అంకె వేసింది. 2013 ఏప్రిల్‌లో అది 31 లక్షల డాలర్లకు పైగా పలికింది. అయిదు గ్రాముల లోహం, నూటికి 75 పాళ్ళు రాగి, 25 పాళ్ళు నికెలు. అలమారలో వున్నప్పుడూ అంతే, వేలంలోనూ అంతే. నలభై యేళ్ళు దాన్ని కాపాడిన శ్రమకు డబ్బీ మీద అంకె లేదు. టంకశాలలో ఆ అయిదింటినీ యెవరు కొట్టారో, యెవరి ఆజ్ఞ మీద కొట్టారో తేల్చే కాగితమూ లేదు.