బోలు గిటారుకు విద్యుత్తు తోడైన కథ

తీగె వాద్యములో శబ్దమంతా తీగెనుండియే వస్తున్నదని మనము అనుకుంటాము. ఇది సగమే నిజము. రాతిగోడకు కొట్టిన రెండు మేకుల మధ్య ఒక ఉక్కుతీగెను బిగించి మీటి చూడండి. నాలుగు గజముల దూరములో ఉన్నవారికి అది వినపడదు. తీగె సన్నమైనది. అది కదలినప్పుడు గాలి దాని ఇరుప్రక్కలనుండి జారిపోతుంది. అదే తీగెను పలుచని చెక్కమీద నిలిపిన గుర్రమునకు ఆనించి మీటితే గది అంతా మోగుతుంది. తీగె చెక్కను కదిలిస్తుంది, చెక్క గాలిని కదిలిస్తుంది. వీణకు కుండ, తంబురాకు బుర్ర, గిటారుకు బోలు పెట్టె ఉన్నది ఇందుకే.

కనుక మంచి వాద్యము కావలెనంటే మంచి కొయ్య, నేర్పుగల పనివాడు, కావలసినంత కాలము ఉండవలసినదే. మన బొబ్బిలి ప్రాంతమున గొల్లపల్లిలో పనస మానును తొలిచి ఏకాండముగా వీణ చేసేవారిని చూచినవారికి ఈ శ్రమ ఎంతటిదో తెలుసు. శ్రమ పెరిగితే వెల పెరుగుతుంది. వెల పెరిగితే వాద్యము కొద్దిమంది చేతులలోనే ఉండిపోతుంది. గిటారు విషయములో ఈ చిక్కు ఎట్లు విడినదో చెప్పడమే ఈ వ్యాసము ఉద్దేశము.

వయొలిన్ నుండి గిటారుకు

అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున కలమజూ అనే పట్టణములో ఆర్విల్ గిబ్సన్ అనే పనివాడు ఉండేవాడు. మాండొలిను, గిటారు పైపలకలను వయొలిన్ పలకవలె చెక్కవచ్చునని అతనికి తోచినది. మందమైన పలకను తీసుకొని, మధ్య ఉబ్బెత్తుగాను అంచులవైపు వాలుగాను చెక్కి వాద్యములు చేశాడు. మాండొలిను నిర్మాణమునకు 1898లో పేటెంటు పొందాడు. 1902లో అతని పేరుమీద ఒక కంపెనీ వెలసినది.

ఉబ్బెత్తు పలక వలన లాభమేమి? ఈ గిటారులో తీగెలు గుర్రముమీదుగా సాగి, పెట్టె చివరనున్న లోహపు పట్టుకు తగులుకొని ఉంటాయి. అందుచేత గుర్రము పలకను క్రిందికి గట్టిగా నొక్కుతుంది. చదును పలక ఈ ఒత్తిడికి వంగిపోవచ్చును. కమాను ఆకారముగల పలక, కమాను వంతెన బరువును మోసినట్లే, దానిని మోస్తుంది.

ఈ కంపెనీలో పనిచేసిన లాయిడ్ లోర్ రూపొందించిన ఎల్-5 గిటారు 1922లో వచ్చినది. అందులో మధ్యనుండే గుండ్రని రంధ్రమునకు బదులు, వయొలిన్‌లో ఉన్నట్లే ఇరుప్రక్కల ఎఫ్ అక్షరమువంటి రంధ్రములు రెండు పెట్టారు. కమాను పలక గిటారుకు నేటికీ ఉన్న రూపము అదే.

బాకాల మధ్య మూగవోయిన గిటారు

ఆ రోజులలో అమెరికాలో జాజ్ వాద్యబృందములు పెరుగుతూ వచ్చినవి. ట్రంపెట్లు, సాక్సోఫోనులు, డ్రమ్ములు ఒక్కసారి మోగితే గిటారు ఎంత గొప్పదైనా దాని స్వరము వినపడేది కాదు. కాబట్టి గిటారు వాయించేవాడు లయకు తోడుగా తీగెలన్నిటిని కలిపి మీటడముతో తృప్తిపడవలసి వచ్చేది. ఒంటరి స్వరములతో రాగము పలికించే అవకాశము అతనికి అరుదు.

దారి చూపినది 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ. తీగచుట్టగుండా పోయే అయస్కాంత బలరేఖలు మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. అయస్కాంతము దగ్గర ఉక్కుతీగె కంపిస్తే, అది ఎన్నిసార్లు కంపిస్తే అన్నిసార్లు ఆ బలరేఖలు మారుతాయి. గిటారులో అయిదవ తీగె సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. అప్పుడు చుట్టలో పుట్టే విద్యుత్తు కూడ 110 సార్లు అటు ఇటు మారుతుంది. దానిని ధ్వనివర్ధకముతో పెంచి స్పీకరుకు పంపితే తీగె స్వరమే పెద్దగా వినపడుతుంది. అయస్కాంతము, వేలకొలది చుట్లుగల సన్నని రాగితీగ చుట్ట కలిసిన ఈ భాగమునే పికప్ అంటారు. జార్జి బోషాం ఈ పద్ధతిలో తయారుచేసిన గిటారుకు 1937లో పేటెంటు లభించినది.

గిబ్సన్ కంపెనీ 1936లో కమాను పలక గిటారుకు పికప్ అమర్చి ఇ.ఎస్-150 అనే పేరుతో అమ్మకమునకు పెట్టినది. ధ్వనివర్ధకముతో కలిపి దాని వెల సుమారు 150 డాలర్లు. పేరులోని అంకె అదే. ఓక్లహోమా నగరములో పెరిగిన చార్లీ క్రిస్టియన్ అనే నల్లజాతి యువకుడు ఈ గిటారుతో 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందములో చేరాడు. బాకాలతో సమానముగా గిటారు కూడ రాగము పలకగలదని లోకమునకు చూపాడు. 1942లో, 25 ఏండ్ల వయసులోనే, క్షయవ్యాధితో మరణించాడు. మూడేండ్లలో అతడు చేసిన పనిని గిటారు వాయించేవారు మరువలేదు.

ఊళ, దానికి విరుగుడు

విద్యుత్తు తోడైన తరువాత ఒక కొత్త బాధ మొదలైనది. పాఠశాల సభలో మైకును లౌడ్‌స్పీకరు ముందుకు తెస్తే అది ఊళవేయడము మీరందరు వినియే ఉంటారు. బోలు గిటారులోను ఇదే జరుగుతుంది. స్పీకరు ధ్వని గిటారు పలకను కదిలిస్తుంది, పలక తీగెను కదిలిస్తుంది, తీగె పికప్‌కు విద్యుత్తునిస్తుంది, అది మరల స్పీకరులో పెద్దదవుతుంది. ఈ చక్రము ఆగక తిరిగితే ఊళ పుడుతుంది. ఏ పలక సులభముగా మోగునట్లు పనివాడు ఎంతో శ్రమపడి పలుచగా చెక్కాడో, ఆ పలకే ఎక్కువ ఊళవేస్తుంది!

1949లో వచ్చిన ఇ.ఎస్-175లో పైపలకను చెక్కలేదు. పలుచని కొయ్య పొరలను జిగురుతో అంటించి అచ్చులో నొక్కి వంచారు. ఇది ప్లైవుడ్ పద్ధతియే. పొరల పలక గట్టిది. అంత తేలికగా కదలదు. కనుక ఊళ తగ్గినది. చెక్కే శ్రమ లేదు కనుక వెల కూడ తగ్గి 175 డాలర్లయినది. విద్యుత్తు లేకుండ వాయిస్తే దీని ధ్వని ఎల్-5 ధ్వనికి సాటిరాదు. కాని జిమ్ హాల్, జో పాస్ వంటి గొప్ప కళాకారులు దీనినే ఎంచుకొని వాయించారు. చవక పద్ధతి చేసిన పనికి తగినదయినప్పుడు దానిని నాసిరకమనడము న్యాయము కాదు.

ఊళను పూర్తిగా తప్పించడానికి ఇతరులు బోలునే వదలివేశారు. 1950లో ఫెండర్ కంపెనీ గట్టి కొయ్య గిటారును, 1952లో గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ పేరుగల గిటారును తెచ్చినవి. 1958లో వచ్చిన ఇ.ఎస్-335 మధ్యేమార్గము, అందులో ప్రక్కలు బోలు, నడుమ మాత్రము గట్టి దిమ్మ. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతమునకు అయిదు తీగెల విద్యుత్ మాండొలిను ఎంచుకొన్నారు. మీటిన స్వరము త్వరగా ఆరిపోయే వాద్యముమీద గమకములు నిలుపడానికి ఆ విద్యుత్తు సాయపడినది.

కొనేవారు చూడవలసినవి

1970 తరువాత జపాను, కొరియా, చైనా కర్మాగారములలో ఇటువంటి గిటారులు తక్కువ వెలకు తయారవుతూ వచ్చినవి. 2002లో ఐబనీజ్ కంపెనీ ఆర్ట్‌కోర్ అనే శ్రేణిని చైనాలో చేయించి అమ్మసాగినది. వీటిలో ఎక్కువ భాగము పొరల పలకవే. కొనదలచిన విద్యార్థి పై మెరుగును చూచి మోసపోక, ఈ మూడు పరీక్షలు చేయవలెను.

మొదటిది, మెడ. దాని అంచు వెంట కన్నుపెట్టి చూస్తే మెలిక ఉండరాదు. పొరల పలకతో సర్దుకోవచ్చును గాని మెలికపడిన మెడతో సర్దుకోలేము.

రెండవది, గుర్రము. ఈ గిటారులలో సాధారణముగా గుర్రమును అంటించరు. తీగెల ఒత్తిడితోనే నిలుస్తుంది, జరుపవచ్చును. పన్నెండవ మెట్టు తీగెలో సగము పొడవు దగ్గర ఉంటుంది. అక్కడ నొక్కి మీటితే 110 కంపనముల తీగె 220 కంపనముల స్వరమీయవలెను. అక్కడనే వ్రేలిని తేలికగా తాకించి మీటినప్పుడు వచ్చే స్వరముతో పోల్చండి. నొక్కిన స్వరము హెచ్చుగా ఉంటే గుర్రమును కొద్దిగా వెనుకకు జరపాలి. ఇది చేతితో సవరించగల లోపమే. దీనిని చూచి గిటారును వదలుకోనక్కరలేదు.

మూడవది, పికప్. ఇంటి విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములతో నడుస్తుంది కనుక ఒక్క చుట్టగల పికప్ దానిని కూడ గ్రహించి గుయ్యిమంటుంది. సెత్ లవర్ 1955లో రూపొందించిన పికప్‌లో రెండు చుట్టలు ఉంటాయి. వాటి చుట్టు దిశలు, అయస్కాంత ధ్రువములు పరస్పర విరుద్ధములు. తీగె స్వరము రెండింటిలోను కలిసి పెరుగుతుంది, బయటి రొద ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలోనే చూపవచ్చును. ప్రయోగశాలలోని సోనోమీటరు కూడ ఒక బోలు పెట్టె, గుర్రములు, ఒక తీగె కలిసినదే. దాని ఉక్కుతీగె క్రింద అయస్కాంతముపై చుట్టిన తీగచుట్టను ఉంచి, ధ్వనివర్ధకమునకు కలిపి మీటండి. తరువాత ఉక్కుతీగె తీసి ఇత్తడితీగె బిగించండి. పెట్టె మునుపటివలెనే మోగుతుంది, స్పీకరు మాత్రము దాదాపు మూగవోతుంది. కారణము ఏమని విద్యార్థులను అడగండి. చెప్పగలిగినవారికి ఫారడే పాఠము అర్థమయినట్లే.