అమెరికా బడి బెంగ, అనంతపురం చదువు

అమెరికాలో చదువులు దిగజారుతున్నాయనీ, దానితో సాంకేతిక ఆధిపత్యం చేజారుతుందనీ గోల లేవడం కొత్త కాదు. అది ఎప్పుడెప్పుడు లేచిందో చూస్తే దాని అసలు స్వరూపం బయటపడుతుంది.

1957 సెప్టెంబరు 25న ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు ఒక ఉన్నత పాఠశాలలోకి సైనికుల కాపలాతో అడుగుపెట్టవలసి వచ్చింది. తరతరాలుగా నల్ల పిల్లలకు నాసి బడులే దక్కినా అది జాతీయ విపత్తుగా అక్కడి పాలకులకు తోచలేదు. సరిగ్గా తొమ్మిది రోజులకు, అక్టోబరు 4న, సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఆకాశానికి పంపింది. అంతే! బడి దేశరక్షణ సమస్య అయి కూర్చుంది. 1958లో తెచ్చిన చట్టానికి జాతీయ రక్షణ విద్యా చట్టమని పేరే పెట్టుకున్నారు. గణితానికీ, విజ్ఞానశాస్త్రానికీ, విదేశీ భాషలకూ సుమారు 100 కోట్ల డాలర్లు కేటాయించారు. మేలు జరగలేదని కాదు. ఆ చట్టమిచ్చిన అప్పులతో ఎందరో సామాన్యుల బిడ్డలు కళాశాల గడప తొక్కారు. కాని ఆ మేలుకు కూడా పరదేశపు రాకెట్టే కావలసి వచ్చింది.

1983లో రీగన్ ప్రభుత్వ విద్యా కమిషను జాతి ప్రమాదంలో ఉందని మళ్ళీ గంట కొట్టింది. ఈసారి బూచి జపాను కార్లు, కొరియా ఉక్కు, జర్మనీ యంత్ర పరికరాలు.

బడి బాగుపడడానికి ఒక తరం పడుతుంది. పెట్టుబడి అంతకాలం ఆగదు. 1965 వలస చట్టం జాతీయ కోటాలను రద్దుచేసి చదువుకున్న ఆసియా వాసులకు తలుపు తీసింది. (ఆ తలుపు తీయించడంలో పౌరహక్కుల ఉద్యమానికి వాటా ఉందని మనవాళ్ళు తరచు మరిచిపోతారు.) 1990 చట్టంతో ఏటా 65,000 హెచ్-1బి వీసాలు వచ్చాయి. 1998లో ఆ పరిమితిని తాత్కాలికంగా పెంచుతూ యజమాని కట్టే దరఖాస్తుకు 500 డాలర్ల రుసుము పెట్టారు. ఆ సొమ్ము అమెరికన్ కార్మికుల శిక్షణకూ, పేద విద్యార్థుల ఉపకార వేతనాలకూ కేటాయించారు. అంటే, తాము నేర్పలేకపోయిన చదువును పరదేశం నుంచి తెచ్చుకుని, అందుకు తమ బడికి కొంత పరిహారం చెల్లించుకున్నారు. ఆ చదువు చెప్పించిన దేశానికి మాత్రం ఆ లెక్కలో పద్దు లేదు.

ఆ పద్దు అనంతపురంలో వెతకాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నిలకడగా పడని ఈ పీఠభూమికి 1948లో ఇంజనీరింగు కళాశాల వచ్చింది. 1946లో మద్రాసు గిండీలో తరగతులు మొదలుపెట్టి ఇక్కడికి తరలించారు. పొరుగున తుంగభద్ర ఆనకట్ట లేస్తున్న రోజులవి. ఆనకట్టలకూ, కాలువలకూ, విద్యుత్తుకూ మనుషులు కావాలి. ఆ కళాశాలను నిలబెట్టిన ఖజానాలో, చేను ఎండినా అగ్గిపెట్టె మీదా, కిరసనాయిలు మీదా పన్ను కట్టిన వేరుశనగ రైతు డబ్బు ఉంది.

తర్వాతి కథకు ఒక కుటుంబం చాలు. ఈ జిల్లా బుక్కాపురానికి చెందిన బి.ఎన్. యుగంధర్ ఐ.ఏ.ఎస్. అధికారిగా గ్రామీణాభివృద్ధికి పనిచేశారు. మెట్ట భూముల్లో వాన నీటిని నిలిపే పథకాలతో ఆయన పేరు ముడిపడి ఉంది. హైదరాబాదులోనూ, మణిపాల్‌లోనూ చదివిన కుమారుడు సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. ఇందులో వ్యక్తుల తప్పు వెతకడం పొరపాటు. రెండు తరాల నడుమ ప్రతిభకు ధర కట్టే అంగడి మారింది. 1990ల నుంచి రాష్ట్రమంతటా లేచిన ప్రైవేటు కళాశాలలు ఆ అంగడి చూసే కంప్యూటరు కోర్సులు నింపుకున్నాయి.

కరువు ఏట ఈ పల్లెల నుంచి తల్లిదండ్రులు బెంగుళూరుకు కూలికి పోతారు. వారి వెంట బడి మానేసి పోయే పిల్లల కోసం ఏ ప్రభుత్వమూ దేశరక్షణ పేరిట చట్టం చేయలేదు. వారికీ స్పుత్నిక్ ఒకటి కావాలేమో.