సౌడు ఎవరి వాటాకు వచ్చింది?

మన భూముల చరిత్ర మీద రాస్తున్న ఈ వరుసలో ఇవాళ సౌడు గురించి. పుస్తకాల్లో చౌడు అని రాస్తారు. వరంగల్ చుట్టుపక్కల మేం సౌడు అనే అంటాం.

మా నాన్నకు లావుణి పట్టా మీద ఎకరం ఇరవై గుంటలు వచ్చింది. చెరువు కింద భూమి అని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఎండాకాలం రాగానే నేల మీద తెల్లగా ఉప్పు పూసింది. వరి నాటితే ఆకుల కొసలు మాడిపోయాయి. "వీళ్లకు వ్యవసాయం చాతకాదు" అన్నారు ఊళ్లో పెద్ద రైతులు. ఆ మాట నిజమేనా?

సౌడు గురించి ఈ ఊళ్లకు తెలిసిందంతా కింది కులాల చేతుల్లోనే ఉండేది. సౌడు మట్టితో ఉబ్బ పెట్టి ఊరి బట్టలు తెల్లగా చేసింది చాకలి. ఉప్పు మట్టి నుంచి ఉప్పు తీసిన ఉప్పరకు కులం పేరులోనే ఉప్పు ఉంది. చాలా ఊళ్లలో తూము తెరిచి మడిమడికి నీళ్లు పంచిన నీరటి మాల. నీళ్లు ఎక్కడ పారతాయో, ఎక్కడ నిలుస్తాయో అతనికంటే ఎవరికి తెలుసు? తెలివి ఇటుంటే మంచి భూమి అటుంది.

1973 భూ సంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మిగులు భూమిలో ఏది వదులుకోవాలో సూచించే వీలు భూస్వామికే ఇచ్చింది. మంచి మాగాణిని ఎవరు వదులుకుంటారు? రాళ్లు, తుప్పలు, సౌడు బయటికొచ్చాయి. అవే పట్టాలై మన వాడలకు చేరాయి.

సౌడు రెండు రకాలు. పాల చౌడులో ఉప్పులు ఎక్కువ. నీళ్లు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పును పైన వదిలిపోతాయి. నేలలో తేమ ఉన్నా వేరు పీల్చుకోలేదు. పైరు నీళ్లలో నిలబడే దాహంతో చస్తుంది. మడి కట్టి, మంచి నీళ్లు పెట్టి, ఆ నీళ్లను బయటికి తీసేయాలి. కారు చౌడులో సోడియం ఎక్కువ. ఉదజని సూచిక 8.5 దాటుతుంది. మట్టి బిగుసుకుపోయి నీళ్లు ఇంకవు, పైరుకు జింకు అందదు. దానికి జిప్సం వేయాలి. అందులోని కాల్షియం సోడియంను తోసేస్తుంది. జీలుగ, జనుము పెంచి పూత దశలో కలియదున్నితే మట్టి గుల్లబారుతుంది.

రెంటికీ చివర కావాల్సింది ఒకటే: కడిగిన ఉప్పు నీళ్లు పోయే మురుగు కాలువ. అది లేకపోతే వేసిన జిప్సం వృథా. ఆ కాలువ పక్కవాడి పొలంలోంచి పోవాలి. మా నాన్న అడిగాడు. పక్క రైతు ఒప్పుకోలేదు. మా సౌడు అక్కడే ఆగిపోయింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. తొమ్మిదో శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా దగ్గర, తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన జంజ్ బానిసలతో నేల మీది ఉప్పు పొరను గీకించేవారు. నేల బాగుపడితే పంట యజమానిది. 869లో వాళ్లు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణచడానికి ఖలీఫా సైన్యాలకు 883 దాకా పట్టింది.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. అసైన్డ్ భూముల మట్టి పరీక్ష చేయించండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, మురుగు దారి ఎవరి గట్టు దగ్గర ఆగిందో నక్ష మీద గీయండి. పట్టా కాగితంతో పాటు మురుగు కాలువను కూడా హక్కుగా అడుగుదాం. కాలువ లేని పట్టా సగం పట్టానే.

మా నాన్నకు వ్యవసాయం వచ్చు. నీళ్లు పోయే దారే దొరకలేదు.

జై భీమ్.