వీడియో ఎడిటింగ్‌కు కంప్యూటర్ కొంటున్నారా? ముందు ప్రాసెసర్, మదర్‌బోర్డు చూసుకోండి

బొంతపల్లి: పగలు కంపెనీలో షిఫ్టు, రాత్రి ఇంట్లో నికాహ్, వలీమా వీడియోల ఎడిటింగ్.. ఇలా రెండో ఆదాయం చూసుకోవాలనుకునే కుర్రాళ్లకు మొదటి పెద్ద ఖర్చు కంప్యూటరే. ఇంట్లో దాచిన డబ్బో, చిట్టీ ఎత్తిన డబ్బో అందులో పెడతారు. షాపులో రంగు లైట్ల క్యాబినెట్ చూసి మోజుపడితే మాత్రం నష్టమే. పని వేగం లోపలున్న ప్రాసెసర్ మీద, అది ఎన్నేళ్లు పనికొస్తుందనేది మదర్‌బోర్డు మీద ఆధారపడి ఉంటాయి.

పనిని బట్టి ప్రాసెసర్

ఫొటోషాప్‌లో ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు చేసేవారికి ఎక్కువ కోర్లు అక్కర్లేదు, ఒక్కో కోరు వేగం ముఖ్యం. 6 కోర్లున్న ఇంటెల్ ఐ5-12400, ఏఎండీ రైజెన్ 5 7600 లాంటివి ఈ పనికి సరిపోతాయి. వీడియోకు కోర్లు పెరిగేకొద్దీ ఉపయోగం. ఐ5-14400లో 10 కోర్లు, రైజెన్ 7 7700లో 8 కోర్లు ఉన్నాయి.

ఇంటెల్ మోడల్ నంబరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉందేమో చూడాలి. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. ధర కాస్త తగ్గుతుంది కానీ ‘క్విక్ సింక్’ పోతుంది. వీడియో ఫైళ్లను త్వరగా తెరిచి, త్వరగా ఎగుమతి చేసే సదుపాయం అది. ప్రీమియర్ ప్రో వాడేవారికి బాగా పనికొస్తుంది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో 10-బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీలో షూట్ చేస్తే ఇది ఇంకా అవసరం. ఆ ఫైళ్లను ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే చదువుతుంది. ఎన్విడియా కార్డుల్లో ఆ వీలు 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. డావిన్చీ రిజాల్వ్ వాడేవారు మాత్రం గ్రాఫిక్స్ కార్డుకు ఎక్కువ డబ్బు కేటాయించాలి.

బోర్డులో ఏం చూడాలి?

మొదటిది సాకెట్. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో 12, 13, 14 తరాలు పడతాయి. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్‌కు సాకెట్ మారిపోయింది. ఏఎండీ ఏఎం5 సాకెట్‌కు 2027 వరకు, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని కంపెనీ చెప్పింది. నాలుగేళ్ల తర్వాత బోర్డు అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకుంటే ఇది మేలు. అయితే ఏఎం5కు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. ఇంటెల్ బీ760లో డీడీఆర్4 బోర్డులూ దొరుకుతాయి, పాత ర్యామ్ ఉన్నవారికి ఆ ఖర్చు మిగులుతుంది.

రెండోది ర్యామ్ స్లాట్లు. హెచ్610 బోర్డులకు రెండే ఉంటాయి. హెచ్‌డీ వీడియోకు 16 జీబీ, 4కేకు 32 జీబీ ర్యామ్ ఉండాలని అడోబ్ సూచన. నాలుగు స్లాట్లున్న బీ760, బీ650 బోర్డు తీసుకుంటే తర్వాత పెంచుకోవచ్చు.

మూడోది ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం. గంటల తరబడి రెండరింగ్ జరిగితే అది వేడెక్కుతుంది. ఐ7-14700కే గరిష్ఠంగా 253 వాట్లు లాగుతుంది. దాన్ని చౌక బోర్డులో పెడితే, ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన రోజున వేగం పడిపోతుంది. వీఆర్‌ఎం మీద లోహపు హీట్‌సింక్ ఉన్న బోర్డే తీసుకోవాలి. ‘కే’ మోడళ్ల పెట్టెలో కూలర్ రాదు, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ అయితే

13, 14 తరాల ఐ7, ఐ9, కొన్ని ఐ5 ‘కే’ మోడళ్లలో వోల్టేజీ సమస్య ఉన్నట్టు 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. బయోస్ అప్‌డేట్ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. ఆ అప్‌డేట్ కొత్తగా పాడవకుండా కాపాడుతుందే తప్ప, ముందే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. అందుకే బిల్లు, వారంటీ లేకుండా ఇలాంటివి కొనొద్దు.

బయలుదేరే ముందు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే మోడల్ నంబర్లు కాగితం మీద రాసుకుని వెళ్లాలి. ‘ఐ5’ అని మాత్రమే రాసిన కొటేషన్ ఒప్పుకోవద్దు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, పవర్ సప్లై పూర్తి పేర్లు బిల్లులో ఉండాలి. బోర్డు బయోస్ ఆ ప్రాసెసర్‌ను గుర్తిస్తోందో లేదో అక్కడే ఆన్ చేయించి చూడాలి. డబ్బు మిగిలితే లైట్లకు కాదు, యూపీఎస్‌కు పెట్టాలి. రెండరింగ్ మధ్యలో కరెంటు పోతే పోయేది ఒక కుటుంబం షాదీ వీడియో పని.