చెడ్డ అభిరుచికి కేటాయించిన గది

మార్ల్‌బరో హౌస్ లండన్‌లో ఒకప్పుడు రాజకుటుంబానికి చెందిన భవనం. 1852లో అక్కడ తెరిచిన అలంకార కళల మ్యూజియంలో ఒక గదిని చెడ్డ వస్తువులకే కేటాయించారు. ఇళ్ళలో జనం రోజూ వాడుతున్న తివాచీలు, గోడ కాగితాలు, కిటికీ తెరలు, దీపాలు, పళ్ళేలు తెచ్చి పెట్టి, ఏ వస్తువులో తప్పేమిటో కేటలాగులో వివరంగా అచ్చువేశారు. తప్పుడు సూత్రాల మీద చేసిన అలంకరణలు అని ఆ విభాగానికి పెట్టిన అసలు పేరు. జనం నోట మాత్రం అది 'ఛాంబర్ ఆఫ్ హారర్స్' అయింది. మేడమ్ టుస్సాడ్ మైనపు బొమ్మల ప్రదర్శనలో పేరుమోసిన హంతకుల బొమ్మలుంచిన గది పేరది. ఎదుటివారి ఇంటి సొగసుకు వంక పెట్టడం ఏ కాలంలోనైనా ఉన్నదే. దానికి సూత్రాలూ, ప్రభుత్వ ముద్రా దొరికింది మాత్రం ఈ గదిలోనే.

దీనికి కారణం యంత్రం. పద్దెనిమిదో శతాబ్దం దాకా నగిషీ అంటే చేతిపని. చేతిపని అంటే ఖర్చు. అందుకే అలంకరించిన ఇల్లు కలవారి ఇల్లే. బ్రిటన్‌లో గోడ కాగితం మీద 1712లో విధించిన పన్నును 1836లో ఎత్తేశారు. మూడేళ్ళకు లాంకషైర్‌లోని డార్వెన్‌లో ఆవిరి యంత్రంతో గోడ కాగితం అచ్చువేయడం మొదలైంది. 1840లో ఎల్కింగ్టన్ కంపెనీ విద్యుత్తుతో వెండి పూత పూసే పద్ధతికి పేటెంటు తీసుకుంది. 1845లో గాజు మీద సుంకం పోయింది. అంతవరకు సున్నం గోడలూ చెక్క బల్లలతో సరిపెట్టుకున్న గుమాస్తా, దుకాణదారు కుటుంబాలకు రంగుల గోడలు, పూల తివాచీలు, వెండిలా మెరిసే పళ్ళేలు అందుబాటులోకి వచ్చాయి. వాళ్ళు వాటిని ఆశగా కొన్నారు. ఒక్కో గదిలో నాలుగైదు రకాల పూలు ఒకదానితో ఒకటి పోటీపడేవి. అభిరుచి బాగాలేదన్న విమర్శ గట్టిపడింది అప్పుడే, అంటే అందరూ అలంకరించుకోగలిగిన రోజున.

1851 మే 1న లండన్ హైడ్ పార్కులో జోసెఫ్ పాక్స్‌టన్ కట్టిన క్రిస్టల్ పాలెస్‌లో మహా ప్రదర్శన మొదలైంది. అయిదున్నర నెలల్లో 60 లక్షల పైచిలుకు సందర్శకులు వచ్చారు. నిర్వాహకుల్లో ముఖ్యుడు హెన్రీ కోల్ అనే ప్రభుత్వాధికారి. ఆయన సహచరులు చిత్రకారుడు రిచర్డ్ రెడ్‌గ్రేవ్, వాస్తుశిల్పి ఓవెన్ జోన్స్. బ్రిటిష్ పరిశ్రమ గొప్పతనం లోకానికి చాటాలన్నది ప్రదర్శన ఉద్దేశం. యంత్రాల సంగతిలో అది నెరవేరింది. నగిషీ దగ్గరికి వచ్చేసరికి ఈ ముగ్గురికీ తలవంపులుగా అనిపించింది. వాళ్ళ కళ్ళు భారతదేశపు విభాగం మీద నిలిచాయి. అక్కడున్న నేతలోనూ అద్దకంలోనూ పువ్వు పువ్వులాగే ఉంటుంది, అయినా బల్లపరుపుగా ఉంటుంది. నీడలు దిద్ది ఉబ్బెత్తుగా చూపరు. నేల రంగుకూ పువ్వు రంగుకూ పొత్తు కుదురుతుంది. వస్త్రం వస్త్రంగానే కనిపిస్తుంది. అయిదేళ్ళ తర్వాత ఓవెన్ జోన్స్ తన 'గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్' గ్రంథంలో ఈ భారతీయ నమూనాలకు ఒక అధ్యాయమే ఇచ్చాడు. ప్రదర్శన నుంచి మంచి వస్తువులు కొనడానికి ప్రభుత్వం 5000 పౌండ్లు మంజూరు చేసింది. అలా కొని కోల్ మార్ల్‌బరో హౌస్ మ్యూజియంలో ఉంచినవాటిలో భారతీయ వస్తువులు చెప్పుకోదగ్గ భాగం.

ఆ ప్రదర్శనకు తెలుగు నేల నుంచి వెళ్ళిన వస్తువుల్లో ఓరుగల్లు తివాచీలున్నాయి. వాటికంటే పాత బంధం ఇంకొకటి ఉంది. ఇంగ్లీషువాళ్ళు 'చింట్జ్' అని పిలిచిన పూల అద్దకం బట్ట కోరమాండల్ తీరం సరుకు. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1611లో కొట్టు పెట్టిందే ఈ బట్టల వ్యాపారం కోసం. కరక్కాయ రసంలో నానబెట్టిన బట్ట మీద పటికతో బొమ్మ గీసి చిరివేరుతో ఉడికిస్తే, పటిక తగిలినచోట ఎరుపు పట్టి ఎన్ని ఉతుకులైనా వదలదు. ఐరోపాలో అప్పటికి ఈ విద్య తెలియదు. మంచం మీద, గోడ మీద, ఒంటి మీద అన్నిచోట్లా ఈ బట్టే కావాలని జనం ఎగబడ్డారు. తమ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నదని ఫ్రాన్స్ 1686లో దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1701లో ఒకసారి, 1721 చట్టంతో ఇంకా కఠినంగా రెండోసారి అడ్డుకట్ట వేసింది. ఆ లోగా ఐరోపా పనివాళ్ళు అద్దకం నేర్చుకున్నారు. రోలర్ యంత్రాలు వచ్చాక లాంకషైర్ మిల్లులు మైళ్ళకొద్దీ చింట్జ్ అచ్చువేశాయి. అయితే తూర్పు తీరపు పువ్వుకు వాళ్ళు నీడలు దిద్దారు, కాబేజీ అంత గులాబీలు పూయించారు. మచిలీపట్నం అద్దకానికి వారసులైన ఈ మిల్లు బట్టలే 1852లో కోల్ గదిలో తప్పుడు వస్తువులుగా వేలాడాయి.

గదిలో 80కి పైగా వస్తువులుండేవి. గులాబీ కొమ్మలూ లైలాక్ కొమ్మలూ సోఫా దిండు వంపుల వెంట వంగిపోయేలా అచ్చువేసిన చింట్జ్ వాటిలో ఒకటి. రైల్వే స్టేషన్ దృశ్యాన్ని లోతుగా కనిపించేట్టు గీసి, అదే బొమ్మను గోడ పొడుగునా మళ్ళీ మళ్ళీ అచ్చువేసిన కాగితం మరొకటి. ఇంకో కాగితం మీద గుర్రాలూ నీళ్ళూ నేలా గాలిలో తేలుతుంటాయి. గరాటు ఆకారపు పువ్వు రేకుల్లోంచి గ్యాసు మంట వచ్చే దీపం ఉంది. కాగితపు గుజ్జుతో చేసిన పళ్ళెం మీద చిత్రకారుడు లాండ్‌సియర్ వేసిన ప్రసిద్ధ చిత్రానికి నకలు ఉంది. కప్పులూ సాసర్లూ పెడితే మరుగున పడిపోయేచోట అంత బొమ్మ దేనికని కేటలాగు ఆక్షేపించింది. సూత్రాలు కొన్నే: నగిషీ వస్తువు వాడకానికి లోబడి ఉండాలి, చదునైన దాని మీద బొమ్మ చదునుగా ఉండాలి, ప్రకృతిని ఉన్నదున్నట్టు దింపకూడదు, ఒక పదార్థం మరో పదార్థంలా నటించకూడదు. వీటికి మూలం వాస్తుశిల్పి ప్యూజిన్ 1841లో ప్రకటించిన సిద్ధాంతాలు. మ్యూజియం కోసం కొనుగోళ్ళు చేసిన సంఘంలోనూ ఆయన సభ్యుడు.

ఈ గది మీద గట్టి వ్యాఖ్య ఒకటి చార్లెస్ డికెన్స్ నడిపిన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' పత్రికలో వచ్చింది. 1852 డిసెంబరులో హెన్రీ మోర్లీ అందులో ఒక కథ రాశాడు. క్రంపెట్ అనే బ్రిక్స్‌టన్ పెద్దమనిషి మార్ల్‌బరో హౌస్‌కు వెళతాడు. తాను తొడుక్కున్న ప్యాంటు గుడ్డ నమూనాయే అక్కడ ఘోరాల్లో ఒకటిగా వేలాడుతూ కనిపిస్తుంది. ఇంటికి వస్తే తివాచీ, గోడ, పళ్ళెం అన్నీ తప్పుగానే తోస్తాయి. స్నేహితుడి ఇంటికి వెళితే అక్కడా అదే బాధ. టీ తాగి ముగించేసరికి కప్పు అడుగున సీతాకోకచిలుక బొమ్మ కనపడి బెదిరిపోతాడు. కథ హాస్యమే అయినా గది చేసిన పనిని సరిగ్గా పట్టుకుంది. నిన్నటిదాకా సంతోషంగా ఉన్న మనిషికి తన ఇల్లే పరాయిదైపోయింది. 1854లో డికెన్స్ తన 'హార్డ్ టైమ్స్' నవలలో ఇదే వాదాన్ని బడి గదిలోకి తెచ్చాడు. గోడ మీద గుర్రాలూ తివాచీ మీద పూలూ ఉండకూడదని ఒక ప్రభుత్వాధికారి పిల్లలను గద్దిస్తాడు. పూలంటే ఇష్టం కాబట్టి ఉంటే బాగుంటుందని సిస్సీ జూప్ అనే అమ్మాయి చెబుతుంది. ఆ అధికారి పాత్రకు మూలం కోల్ అని పాఠకులు గుర్తుపట్టారు.

తమ సరుకు ఘోరమని ప్రభుత్వమే చూపించడం తయారీదారులకు మింగుడుపడలేదు. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో గది ఎక్కువ కాలం నిలవకుండానే మూతపడింది. మ్యూజియం 1857లో సౌత్ కెన్సింగ్టన్‌కు మారి, 1899లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అయింది.

భారతీయ నగిషీకి కోల్ బృందం నుంచి దక్కిన మెచ్చుకోలు తెలుగు నేతగాళ్ళకు మేలు చేసిందా అంటే, చేయలేదు. భారతీయ కళల మీద అధికారిగా పేరున్న జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో మచిలీపట్నం తివాచీల గురించి రాస్తూ, ఒకప్పుడు దేశంలోకెల్లా మేలైనవాటిలో ఒకటైన ఈ పని ఇంగ్లీషు గిరాకీ వల్ల చెడిపోయిందని వాపోయాడు. ఆ బాధ న్యాయమైనది. నమూనాను మ్యూజియంలో పూజించిన దేశమే చవక ధరకు తొందర సరుకు అడిగింది. ఈ కథలో అన్నిటికంటే విచారించదగ్గ భాగం ఇదే.

గది పోయినా దాని ఆలోచన పోలేదు. చార్లెస్ ఈస్ట్‌లేక్ 1868లో ఇంటి అభిరుచి మీద రాసిన పుస్తకం ఇంగ్లండులోనూ అమెరికాలోనూ బాగా అమ్ముడైంది. 1909లో గుస్తావ్ పజౌరెక్ జర్మనీలోని స్టుట్‌గార్ట్ మ్యూజియంలో చెడ్డ అభిరుచికి ఒక శాశ్వత విభాగమే పెట్టాడు. పదార్థంలో తప్పు, కట్టుబడిలో తప్పు, అలంకరణలో తప్పు అని వర్గాలుగా విడదీశాడు. కోల్ కంటే ఈయన పద్ధతి కచ్చితమైనది, అంతే నిర్దాక్షిణ్యమైనది కూడా. మనుషుల వెంట్రుకలతో అల్లిన జ్ఞాపికలు, దేశభక్తి పేరుతో అమ్మిన నాసిరకం బొమ్మలు అన్నీ ఆయన జాబితాకెక్కాయి.

భారతదేశంలో ఇలాంటి తీర్పు చిత్రకారుడు రవివర్మ ముద్రిత చిత్రాల మీద పడింది. 1894లో బొంబాయిలో ఆయన పెట్టించిన అచ్చుయంత్రం నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటాలు తెలుగు ఇళ్ళ గోడలకూ చేరాయి. ఆనంద కుమారస్వామి వంటి విమర్శకులు రవివర్మ చిత్రాల్లో నాటకీయత తప్ప భారతీయత లేదన్నారు. పటం కొన్న ఇల్లాలికి అది దేవుడి రూపం. ఆమె దాన్ని కళాఖండంగా కొనలేదు, అందుకే ఆ విమర్శ ఆమెను తాకలేదు.

అభిరుచి ఎవరిదన్న ప్రశ్నను ఫ్రెంచి సామాజికవేత్త పియెర్ బూర్దియూ 1979లో 'లా డిస్టింక్షన్' గ్రంథంలో నేరుగా అడిగాడు. 1960లలో ఫ్రాన్స్‌లో 1200కు పైగా మందిని ప్రశ్నించి, ఇంటి సామాను ఎంపికకూ చదువుకూ పుట్టిన కుటుంబానికీ గట్టి సంబంధం ఉందని చూపాడు. 1996లో ఐకియా కంపెనీ బ్రిటన్‌లో, ఇంట్లోని చింట్జ్‌ను బయట పారేయమని మహిళలకు చెప్పే ప్రకటన నడిపింది. మూడు శతాబ్దాల కింద పార్లమెంటు చట్టంతో నిషేధించిన పూల బట్టను ఈసారి ఒక దుకాణం తోసిపుచ్చింది. 2009లో బెర్లిన్‌లోని వస్తువుల మ్యూజియం పజౌరెక్ వర్గాల ప్రకారం పాత, కొత్త చెడ్డ వస్తువులను మళ్ళీ ప్రదర్శించింది. ఆ వర్గాలకు ఈ కాలానివి కొన్ని కలిపింది. వాటిలో వనరుల వృథా ఒకటి, బాల కార్మికుల చేత చేయించడం ఒకటి.