క్లోరోఫామ్ తగవులో హైదరాబాదు సాక్ష్యం

1847 నవంబరులో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫామ్‌ను మత్తుమందుగా వాడకంలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల కాలివేలి గోరు తీయించుకోబోయి ఆ మత్తులో ప్రాణం విడిచింది. ఇలాంటి చావుల్లో ముందు ఆగేది ఊపిరా, గుండెయా అన్న తగవు అరవై ఏళ్లకు పైగా నడిచింది. నాడి చూస్తుండాలని లండన్ వైద్యులు, ఊపిరి చూస్తే చాలని ఎడిన్‌బరో వైద్యులు వాదించారు. ఎడిన్‌బరోలో చదివి హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా, ఇక్కడి వైద్య పాఠశాలకు పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ రెండో పక్షం మనిషి. 1888లో మొదటి క్లోరోఫామ్ కమిషన్ పేరిట ఆయన జరిపించిన ప్రయోగాలను లండన్ పత్రిక ‘లాన్సెట్’ నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తానని, ఆ పత్రికే తన మనిషిని పంపి పరీక్షించుకోవచ్చని కబురు చేశాడు. 1889లో ఆ పత్రిక తరఫున వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువులకు క్లోరోఫామ్ ఇచ్చి, రక్తపోటు గీతలు తీసి చూశారు. ఊపిరే ముందు ఆగుతుందని ఈ రెండో కమిషన్ కూడా తేల్చింది.

ఆ తీర్పు నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో, మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె లయ చెదిరి ఒక్కసారిగా ఆగిపోగలదని తేలింది. లారీ ముందే మనసులో తీర్పు రాసుకున్నాడు కాబట్టి తప్పు జరిగిందని అనవచ్చు. అయితే బ్రంటన్ గుండెకు ప్రమాదం ఉందన్న అభిప్రాయంతోనే వచ్చి, కళ్లారా చూశాక మనసు మార్చుకున్నవాడు. నా దృష్టిలో లోపం ప్రశ్నలోనే ఉంది. మందు మోతాదు మించితే ఏమవుతుందని అక్కడ ప్రధానంగా అడిగారు. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు చాలావరకు సరైనదే. మనుషులు మాత్రం ఎక్కువగా మత్తు పూర్తిగా పట్టకముందే, భయంతో ఉన్న నిమిషాల్లో, చిన్న చిన్న ఆపరేషన్లలో చనిపోతున్నారు. ఆ స్థితిని వెతకనప్పుడు ప్రయోగాల సంఖ్య ఎంత పెంచినా అది కనబడదు. పాపం, అన్ని మూగజీవాలు బలైనా ఆ స్థితి గురించి ప్రశ్న వేసినవారు లేకపోయారు.

అయితే ఇదంతా వృథా ఖర్చేనా? హైదరాబాదులో వేలమందికి క్లోరోఫామ్ ఇచ్చినా చావులు లేవని లారీ చెప్పుకునేవాడు. ఆయన లెక్కలను అలాగే ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఆయన శిష్యులు ఊపిరి మీదే చూపు నిలిపి, మత్తు పూర్తిగా పట్టేదాకా ఆగి, ఆ తర్వాతే కత్తి పట్టనిచ్చేవారు. లెవీ చూపిన ప్రమాదకరమైన దశ ఆ పద్ధతిలో చాలావరకు తప్పిపోయి ఉంటుందని నాకు అనిపిస్తుంది. సిద్ధాంతం తప్పినా చేతిపని రోగిని కాపాడిందన్నమాట. లారీ దగ్గర ఆ చేతిపని నేర్చినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ఆడవాళ్లకు వైద్యం చదివే అవకాశమే అరుదైన ఆ రోజుల్లో ఆమె ఈ ఊళ్లోనే చదివి, రోగులకు మత్తు ఇచ్చే బాధ్యత చేపట్టింది. తర్వాత పైచదువుకు ఎడిన్‌బరో కూడా వెళ్లింది. కమిషన్ నివేదిక కన్నా ఈ శిక్షణే హైదరాబాదుకు ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం.